చిక్కుప్రశ్నల చరిత్ర – నాలుగింటిలో ఒకటి ఎన్నుకొనే విద్య

పాఠశాల చరిత్ర వ్రాయబూనినవారు సాధారణంగా భవనాలను, దాతలను, ప్రధానోపాధ్యాయులను, ఉత్తీర్ణుల సంఖ్యను పేర్కొంటారు. విద్యార్థి భవిష్యత్తును వీటన్నిటికన్న ఎక్కువగా శాసించిన ప్రశ్నాపత్రానికి కూడ ఒక చరిత్ర ఉన్నదనే సంగతి తలపుకు రాదు. తాతల కాలంలో పరీక్ష అంటే పుటలకొద్దీ వ్యాసాలు వ్రాయడం. మనుమల కాలంలో పరీక్ష అంటే నాలుగు వృత్తాలలో ఒకదానిని నల్లగా నింపడం. ఈ మార్పు ఎక్కడ పుట్టింది, మన కరిసల్ సీమకు ఎలా చేరింది, తెలుగు ఇంట పుట్టి తమిళ నేలపై చదువుకొనే బిడ్డలకు అది తెచ్చిపెట్టిన చిక్కులేమిటి, వాటిని దాటే ఉపాయాలేమిటి అనే విషయాలను ఈ ప్లాటినం జూబిలీ సంచికలో ముచ్చటించడం సముచితమని భావిస్తున్నాను.

యక్షుడి ప్రశ్న

నాలుగింటిలో ఒకటి ఎన్నుకోవడం మన సాహిత్యానికి కొత్త కాదు. ఎఱ్ఱన పూరించిన అరణ్యపర్వశేషంలోని యక్షప్రశ్నల ఘట్టాన్ని ఒకసారి జ్ఞాపకం చేసుకుందాం. దప్పికతో వచ్చిన నలుగురు తమ్ములూ ప్రశ్నను లక్ష్యపెట్టక నీరు త్రాగి పడిపోయారు. ధర్మరాజు ఒక్కడే ఆగి, విని, సమాధానం చెప్పాడు. చివరకు యక్షుడు పడిన నలుగురిలో ఒక్కరిని మాత్రమే బ్రతికిస్తాను, ఎవరు కావాలో చెప్పమన్నాడు. భీముడు, అర్జునుడు, నకులుడు, సహదేవుడు – నాలుగు ఎంపికలు, ఒకే సమాధానం. రాజ్యం కోరేవాడికి భీమార్జునుల పేర్లే ముందుగా నోటికి వస్తాయి. ధర్మరాజు ఆకర్షించే పేరును విడిచి, కుంతి కుమారులలో తానున్నాడు గనుక మాద్రి కుమారులలో ఒకడు ఉండాలనే న్యాయాన్ని పట్టుకొని నకులుని కోరాడు. నేటి పరీక్షలలో చిక్కుప్రశ్నను ఎదుర్కొనే పద్ధతి మొత్తం ఈ కథలో ఇమిడి ఉన్నది: తొందరపడకుండుట, ఆకర్షణకు లోబడకుండుట, ఎంపికకు హేతువు చూచుకొనుట.

కరిసల్ సీమలో చదువు

కోవిల్‌పట్టి, విరుదునగరం ప్రాంతాలను తమిళులు కరిసల్ భూమి అంటారు. మన మాటలో నల్లరేగడి. 16వ శతాబ్దిలో మధుర నాయకరాజ్యం ఏర్పడిన కాలం నుండి తెలుగు కుటుంబాలు ఈ వాననీటి చేల నడుమ స్థిరపడ్డాయి. ఎట్టయపురం, పాంచాలంకురిచ్చి వంటి పాళెములను తెలుగు మాటాడే వంశాలవారు ఏలారు. రైతులు, నేతగాండ్రు, పశువుల కాపరులు, చర్మకారులు కూడ తమతో తెలుగును తెచ్చుకొన్నారు. ఇంట తెలుగు, వీధిలో తమిళం – ఈ రెండు భాషల బ్రతుకు ఇక్కడివారికి తరతరాలుగా వచ్చినదే.

పాతకాలపు తిన్నెబడులలో పరీక్ష అంటే అప్పజెప్పడమే. ఎక్కాలు, పద్యాలు, లెక్కలు గురువు ఎదుట నోటితో చెప్పాలి. వ్రాతపరీక్షలు పాశ్చాత్య విద్యతోపాటు వచ్చాయి. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడిన తరువాత ఉద్యోగానికి దారి వాటి గుండానే సాగింది. విరుదునగరంలో పుట్టిన కామరాజు 1954 నుండి 1963 వరకు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు పల్లెలలో బడులు విరివిగా తెరిపించారు. 1956లో మధ్యాహ్న భోజన పథకం ఎట్టయపురంలో ప్రారంభమైంది. 1947లో విరుదునగరంలో, 1966లో కోవిల్‌పట్టిలో కళాశాలలు వెలిశాయి. వర్షాధారపు చేలలో పంట నమ్మకం లేనిది గనుక ఇక్కడి తల్లిదండ్రులు చదువును నమ్ముకున్నారు. విరుదునగరం జిల్లా హయ్యర్ సెకండరీ ఫలితాలలో రాష్ట్రంలో ముందువరుసలో నిలవడం ఆనవాయితీ అయింది. 2023లో అది మొదటి స్థానం పొందింది. వ్రాసి మెప్పించే పరీక్షలో ఇంత పేరుపొందిన నేలకు, గుర్తించి మెప్పించే పరీక్ష మరొక విధమైన సవాలు.

పద్ధతి పుట్టుక

బహుళైచ్ఛిక ప్రశ్నకు జన్మస్థలం అమెరికా. ఒకే వ్యాసానికి ఒక్కొక్క ఉపాధ్యాయుడు ఒక్కొక్క విధంగా మార్కులు వేయడం గమనించిన ఫ్రెడరిక్ కెల్లీ అనే విద్యావేత్త 1914–15 సంవత్సరాలలో కాన్సస్ రాష్ట్రంలో మౌనపఠన పరీక్షను రూపొందించాడు. అందులో ఒక ప్రశ్న ప్రసిద్ధమైంది: ఆవు, పులి, ఎలుక, తోడేలు అనే నాలుగు పేర్లలో పొలంలో ఉపయోగపడే జంతువు చుట్టూ గీత గీయాలి. సమాధానం ఒకటే; దిద్దేవాడి ఇష్టానిష్టాలకు తావు లేదు. న్యాయం కోసమే ఈ పద్ధతి పుట్టిందన్న మాట మరువరాదు.

అయితే ఆ న్యాయానికి త్వరలోనే మచ్చ పడింది. 1917లో అమెరికా మొదటి ప్రపంచయుద్ధంలో ప్రవేశించినప్పుడు రాబర్ట్ యర్క్స్ నాయకత్వాన పదిహేడు లక్షలకు పైగా సైనికులకు ఇటువంటి పరీక్షలు పెట్టారు. ఆంగ్లం సరిగా రాని వలస కుటుంబాలవారు తక్కువ మార్కులు పొందారు. ఆ మార్కులను చూపి కార్ల్ బ్రిగమ్ 1923లో కొన్ని జాతులకు బుద్ధి తక్కువని గ్రంథం వ్రాశాడు. 1926లో అమెరికా కళాశాలల ప్రవేశానికి శాట్ పరీక్షను సిద్ధపరచినవాడు కూడ ఆయనే. 1930 నాటికి భాష తెలియని వారిని ఆ భాషలో పరీక్షించి జాతుల బుద్ధిని పోల్చడం చెల్లదని గ్రహించి, తన వాదాన్ని తానే ఖండించుకొన్నాడు. భాషా అల్పసంఖ్యాకుల బడిలో చదివే ప్రతి విద్యార్థికీ ఈ వృత్తాంతం తెలిసి ఉండాలి. మార్కు తగ్గడానికి తెలివి తగ్గడమే కారణం కానక్కరలేదు. ప్రశ్న ఏ భాషలో ఉన్నదో కూడ చూడాలి.

తరువాత యంత్రం వచ్చింది. రెనాల్డ్ జాన్సన్ అనే ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుని ఆలోచన ఆధారంగా ఐబీఎం సంస్థ 1930ల చివర ఒక దిద్దుడు యంత్రాన్ని తయారుచేసింది. పెన్సిలు గీతలోని గ్రాఫైటు విద్యుత్తును ప్రసరింపజేస్తుందన్నదే అందులోని కిటుకు. 1955లో అయోవా విశ్వవిద్యాలయానికి చెందిన లిండ్‌క్విస్ట్ కాంతితో గుర్తులను చదివే యంత్రాన్ని నెలకొల్పాడు. నేటి ఓ.ఎం.ఆర్. పత్రం ఆ వంశంలోనిదే. యంత్రానికి దాక్షిణ్యం లేదు. సగం నింపిన వృత్తాన్ని, రెండుచోట్ల నింపిన గుర్తును అది సానుభూతితో చూడదు.

మన దేశానికి రాక

డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948–49లో పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యా సంఘం పరీక్షల సంస్కరణను ముఖ్య విషయంగా గ్రహించి, లక్ష్యాత్మక పరీక్షలను పరిశీలించమన్నది. 1952–53లో మద్రాసు విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులు ఆర్కాటు లక్ష్మణస్వామి ముదలియారు అధ్యక్షతన వచ్చిన మాధ్యమిక విద్యా సంఘం అదే దారిన నడిచింది. అమెరికా విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్ ఆ దశాబ్దంలోనే భారతదేశానికి వచ్చి ఉపాధ్యాయులతో కార్యశాలలు జరిపాడు. 1958లో కేంద్ర పరీక్షా విభాగం ఏర్పడింది. ప్లాటినం జూబిలీ జరుపుకొంటున్న పాఠశాల వయస్సెంతో, మన దేశంలో ఈ ప్రశ్నాపద్ధతి వయస్సు దాదాపు అంతే.

1976లో డి.ఎస్. కొఠారి సంఘం సమర్పించిన నివేదిక ననుసరించి 1979 నుండి సివిల్ సర్వీసుల ప్రాథమిక పరీక్ష లక్ష్యాత్మకమైంది. తమిళనాట 1984–85 నుండి వైద్య, సాంకేతిక కళాశాలలకు రాష్ట్ర ప్రవేశపరీక్ష వచ్చింది. పట్టణ విద్యార్థికి శిక్షణా కేంద్రం అందుబాటులో ఉండగా పల్లె విద్యార్థికి లేదన్న విమర్శపై 2006లో చేసిన చట్టం దానిని తొలగించింది. వైద్య విద్యకు 2017 నుండి అఖిల భారత స్థాయి నీట్ పరీక్ష ఈ రాష్ట్రంలోనూ అమలులోకి వచ్చింది. పదేళ్ళు మాయమైన వృత్తాలు మరింత కఠినంగా తిరిగివచ్చాయి. 2020లో ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు వైద్య సీట్లలో 7.5 శాతం కేటాయిస్తూ రాష్ట్రం చట్టం చేయడానికి ఈ అసమానతే కారణం.

భాష తెచ్చే చిక్కు

నీట్ ప్రశ్నాపత్రం తెలుగులో కూడ లభిస్తుంది. అయితే 2020 నాటి నియమావళి ప్రకారం తెలుగు ప్రతి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కేంద్రాలలోనే దొరుకుతుంది. తమిళనాడు కేంద్రాలలో ఆంగ్లం, హిందీ కాక తమిళ ప్రతి ఇస్తారు. తెలుగు మాధ్యమంలో చదివి విరుదునగరంలో పరీక్ష వ్రాయదలచిన బిడ్డ తన పాఠ్యభాషను బడిలోనే విడిచి వెళ్ళాలి. రాష్ట్ర సర్వీసు కమిషన్ పరీక్షలలో 2021 డిసెంబరు ఉత్తర్వుల ననుసరించి తమిళ అర్హతా భాగం తప్పనిసరి అయింది. గ్రూప్ 4 పరీక్షలోని 200 ప్రశ్నలలో 100 తమిళానివే. సివిల్ సర్వీసుల ప్రాథమిక పరీక్ష ఆంగ్లం, హిందీలలో మాత్రమే జరుగుతుంది.

అనువాదమే తప్పుబోతే ఏమౌతుందో 2018లో తేలింది. ఆ సంవత్సరం నీట్ తమిళ ప్రతిలో 49 ప్రశ్నల అనువాదం దోషయుక్తమని మద్రాసు ఉన్నత న్యాయస్థానం మధుర ధర్మాసనం ఎదుట వ్యాజ్యం వచ్చింది. ప్రశ్నకు నాలుగు చొప్పున 196 మార్కులు కలపమని ధర్మాసనం జూలైలో ఆదేశించింది. సర్వోన్నత న్యాయస్థానం నవంబరులో ఆ తీర్పును కొట్టివేసింది. అనువాదంలో సందిగ్ధత ఉంటే ఆంగ్ల మూలమే ప్రమాణమని నియమం. కనుక విద్యార్థి చేయదగినది ఒక్కటే: తన భాషలో ప్రశ్న చదివి, అనుమానం తగిలినచోట పక్కనున్న ఆంగ్ల వాక్యాన్ని తప్పక చూడాలి. ఇందుకు ముఖ్యమైన శాస్త్రపదాల ఆంగ్ల రూపాలను పాఠం నేర్చుకొనేటప్పుడే పక్కన వ్రాసుకోవడం మంచిది.

తెలుగు బిడ్డకు తమిళ ప్రశ్నలో మరొక ఉచ్చు ఉన్నది. రెండు భాషలూ అక్కచెల్లెళ్ళు. ఒకే ముఖం కనిపించి వేరే మనిషి కావచ్చు. తమిళంలో ‘అవసరం’ అంటే తొందర, తెలుగులో కావలసినది. చరిత్ర ప్రశ్నలో ‘అవసర నిలై’ అని కనబడితే అది 1975 నాటి అత్యవసర పరిస్థితి. ‘చెప్పేడు’ అన్నది చెప్పులకు సంబంధించినది కాదు, రాగిరేకు శాసనం. తమిళ లిపిలో ప, బ, భ అక్షరాలకు ఒకే గుర్తు ఉండటం వల్ల ‘పావం’ అన్న మాట పాపమో, భావమో సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి. ఇటువంటి పదాల పట్టిక ఒకటి తరగతిలోనే తయారుచేసుకుంటే, తెలిసిన సమాధానం తెలియని మాట వల్ల పోదు.

చిక్కుముడి విప్పే ఉపాయాలు

ప్రశ్నలోని జాడలను పట్టుకొనే నేర్పును 1965లో మిల్మన్, బిషప్, ఈబెల్ అనే పరిశోధకులు శాస్త్రీయంగా వర్గీకరించారు. విషయజ్ఞానం వేరు, ఈ నేర్పు వేరు. మొదటిది లేనిదే రెండవది ఎక్కువ దూరం నడిపించదు. అయినా చదివినవాడు నష్టపోకుండా కాపాడడానికి అది పనికివస్తుంది. మన అనుభవానికి తగినట్లు కొన్నిటిని చెప్పుకుందాం.

మొదటిది, ప్రశ్న తోకను చూడటం. తెలుగులోను, తమిళంలోను వాక్యంలోని నిర్ణయం చివర ఉంటుంది. ‘సరియైనది ఏది’, ‘సరికానిది ఏది’ అన్న రెంటికీ తేడా రెండు మూడు అక్షరాలే. సగం చదివి సమాధానం వైపు పరుగెత్తేవాడు ఆ అక్షరాలను చేరడు. ‘కానిది’, ‘లేనిది’, ‘పొందనిది’ వంటి మాటల క్రింద గీత గీసి ముందుకు పోవాలి.

రెండవది, తెలియనిదానిని వెతకడం కన్న తప్పును తొలగించడం. ఉదాహరణకు వీరపాండ్య కట్టబొమ్మన గురించి సరికానిది గుర్తించమన్నారనుకుందాం: ఆయన పాంచాలంకురిచ్చి పాళెగాడు; 1799లో ఉరితీయబడ్డాడు; ఆ స్థలం కయత్తారు; ఆయనపై దండెత్తిన సేనాని రాబర్ట్ క్లైవ్. బానర్‌మన్ పేరు జ్ఞాపకం లేకపోయినా, క్లైవ్ 1774లోనే మరణించాడని తెలిసినవాడికి సమాధానం దొరుకుతుంది. ఒక విషయం తెలియనప్పుడు దాని పొరుగు విషయం తెలిసి ఉండటం చాలు.

మూడవది, ప్రతిపాదన–కారణం ప్రశ్నలు. ఇక్కడ రెండు వాక్యాలూ నిజమై ఉండి కూడ సంబంధం లేకపోవచ్చు. ‘కామరాజు విరుదునగరంలో జన్మించారు’ అన్నది నిజం; ‘ఆయన 1954లో ముఖ్యమంత్రి అయ్యారు’ అన్నదీ నిజం. రెంటి నడుమ ‘ఎందుకంటే’ అనే మాట పెట్టి చదివితే అవి అతకవని చెవికే తెలుస్తుంది. మొదట ఒక్కొక్క వాక్యాన్ని విడిగా తూచి, ఆ తరువాతనే ముడిని పరీక్షించాలి.

నాలుగవది, కాలక్రమం, జతపరచుట. కట్టబొమ్మన మరణం, ఎట్టయపురంలో ముత్తుస్వామి దీక్షితుల మరణం, అదే ఊరిలో సుబ్రహ్మణ్య భారతి జననం, కామరాజు జననం – వీటిని వరుసలో పెట్టమంటే నాలుగు సంవత్సరాలూ తెలియనక్కరలేదు. మొదటిది 1799, చివరిది 1903 అని రెండు కొసలను బిగిస్తే చాలావరకు తప్పు వరుసలు రాలిపోతాయి. నడుమ 1835, 1882 తెలిసినవాడికి సంశయమే ఉండదు.

ఐదవది, ‘మాత్రమే’, ‘ఎల్లప్పుడూ’, ‘అన్నీ’ వంటి మాటలపట్ల జాగ్రత్త. లోకంలో మినహాయింపు లేని విషయాలు తక్కువ గనుక ఇటువంటి వాక్యాలు తరచు తప్పుబోతాయి. కాని ప్రశ్న కూర్చేవారికీ ఈ సంగతి తెలుసు. ఇది అనుమానానికి ఆధారమే గాని తీర్పు కాదు.

ఆరవది, ఊహకు లెక్క. ఒక పరీక్షకు సరిపోయిన సాహసం మరొకదానికి చేటు. నీట్‌లో సరియైన దానికి 4, తప్పుకు ఒకటి కోత. ఏమీ తెలియని 12 ప్రశ్నలను గ్రుడ్డిగా నింపితే సగటున మూడు సరిపోయి 12 వస్తాయి, తొమ్మిది పోతాయి, మిగిలేది 3. అదే ప్రతి ప్రశ్నలో రెండు ఎంపికలను తొలగించగలిగితే సగటున ఆరు సరిపోతాయి. 24లో 6 పోగా 18 మిగులుతాయి. సివిల్ సర్వీసుల ప్రాథమిక పరీక్ష సామాన్య అధ్యయన పత్రంలో ప్రశ్నకు 2 మార్కులు, తప్పుకు మూడింట ఒక వంతు కోత. అక్కడ గ్రుడ్డి ఊహకు సగటు లాభం సున్న. రెండు తొలగించి ఊహిస్తే అవే 12 ప్రశ్నలకు 8 మార్కులు. కోత లేని పరీక్షలో ఖాళీ వదలడం నష్టమే. కనుక ప్రశ్నల కన్న ముందు చదవవలసినది మొదటి పుటలోని నిబంధనలు. 2020లో రాష్ట్ర సర్వీసు కమిషన్ ప్రకటించినట్లు ‘సమాధానం తెలియదు’ అనే ఐదవ వృత్తం కూడ ఉండవచ్చు. దానిని ఎప్పుడు నింపాలో ఆ పుటే చెబుతుంది.

ఏడవది, దిద్దుకొనుట. మొదట తోచినదే సరియైనదనీ, మార్చరాదనీ ఒక నమ్మకం వ్యాపించి ఉన్నది. 2005లో జస్టిన్ క్రూగర్, ఆయన సహచరులు ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ విద్యార్థుల పత్రాలలోని దిద్దుబాట్లను లెక్కించగా 51 శాతం తప్పు నుండి ఒప్పుకు, 25 శాతం ఒప్పు నుండి తప్పుకు, 23 శాతం తప్పు నుండి మరో తప్పుకు మారాయి. హేతువు కనబడినప్పుడు మార్చడమే మేలు. భయం కలిగినంతమాత్రాన మార్చరాదు. అయితే పెన్నుతో నింపే ఓ.ఎం.ఆర్. పత్రంలో దిద్దడానికి వీలు లేదు. అందువల్ల ముందుగా ప్రశ్నాపత్రంపైనే గుర్తు పెట్టి, నిశ్చయించుకొన్న తరువాత వృత్తం నింపడం యుక్తం.

ఎనిమిదవది, కాలపాలన. 2025 నీట్‌లో 180 ప్రశ్నలకు 180 నిమిషాలు. నిమిషానికి ఒకటి అన్న లెక్కలో ఒక మొండి ప్రశ్న వద్ద ఐదు నిమిషాలు కూర్చుంటే తెలిసిన నాలుగు ప్రశ్నలు చేజారుతాయి. తెలిసినవి తొలి చుట్టులో, సగం తెలిసినవి రెండవ చుట్టులో, మిగిలినవి చివర. ‘నిదానమే ప్రధానం’ అన్న పెద్దల మాట ఇక్కడ ప్రశ్న చదవడానికి వర్తిస్తుంది గాని, ప్రశ్న వద్ద ఆగిపోవడానికి కాదు.

పరీక్షకు అందనిది

ఈ పద్ధతికి గల హద్దును కూడ చెప్పకపోతే చరిత్ర అసంపూర్ణం. గుర్తించడం వేరు, నిర్మించడం వేరు. నాలుగు సమాధానాలలో ఒకటి ఏరగలిగినవాడు అదే విషయంపై పది వాక్యాలు వ్రాయగలడని చెప్పలేము. బాల్యంలోనే బడి విడిచిన కామరాజు లక్షలమందిని బడికి పంపారు. కోవిల్‌పట్టి సమీపాన ఇడైసెవల్ గ్రామంలో తెలుగు ఇంట పుట్టిన కి. రాజనారాయణన్‌కు బడి చదువు కొద్దిగానే అబ్బింది. తెలుగువారు దక్షిణానికి వలసవచ్చిన కథను ఆయన ‘గోపల్ల గ్రామం’లో తమిళంలో చెప్పారు. ‘గోపల్లపురత్తు మక్కళ్’ నవలకు 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారం పొందారు. పుదుచ్చేరి విశ్వవిద్యాలయంలో ఆచార్య పీఠం అలంకరించారు. 2021లో కీర్తిశేషులైన ఆ మహనీయుని ప్రతిభను కొలిచే వృత్తం ఏ పత్రంలోనూ అచ్చుకాలేదు.

అంతమాత్రాన పరీక్షను తేలికగా చూడమని అర్థం కాదు. పల్లె బిడ్డకు, అల్పసంఖ్యాక భాషకు చెందిన బిడ్డకు సిఫారసు లేకుండా తలుపు తెరిచే సాధనం నేటికీ అదే. ఉపాధ్యాయుల పేరు, కుటుంబం పేరు, ఊరి పేరు ఆ యంత్రానికి తెలియవు. ఆ సమత్వాన్ని మన బిడ్డలు పూర్తిగా వినియోగించుకోవాలంటే భాష అడ్డుకాకుండా చూచే బాధ్యత పాఠశాలది. తెలుగును తల్లిగా, తమిళాన్ని పెంచిన తల్లిగా, ఆంగ్లాన్ని పనిముట్టుగా మూడింటినీ చేతబట్టించి పంపితే, చిక్కుప్రశ్నలో చిక్కు సగం విడిపోయినట్లే. మిగిలిన సగం విప్పుకొనే శక్తి విద్యార్థి శ్రమలో ఉన్నది. ఈ పాఠశాల రానున్న సంవత్సరాలలో ఈ రెంటినీ సమకూర్చగలదని విశ్వసిస్తూ, పరీక్షలకు కూర్చోబోయే చిరంజీవులందరికీ శుభాకాంక్షలు తెలుపుతున్నాను.